ప్లాస్మిడ్ స్టాండర్డ్ వాడే క్యూపీసీఆర్‌లో ఎన్‌టీసీకి సిగ్నల్ వస్తుంటే ఏం చేయాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ. రొయ్యల్లో తెల్లమచ్చల వైరస్ ఎంత ఉందో క్యూపీసీఆర్‌తో (డీఎన్‌ఏను రెట్టింపులు చేస్తూ మొదట్లో ఎన్ని కాపీలున్నాయో కొలిచే పరీక్ష) లెక్కగడుతున్నారు. వైరస్ జన్యువు ముక్కను ప్లాస్మిడ్‌లో, అంటే బ్యాక్టీరియాలో పెరిగే గుండ్రటి డీఎన్‌ఏలో, క్లోన్ చేసి (మొత్తం 4 కేబీ, అంటే 4,000 బేస్ పెయిర్లు), దాన్నే స్టాండర్డ్‌గా, అంటే కాపీల లెక్క తెలిసిన కొలబద్దగా, వాడుతున్నారు. సైబర్ గ్రీన్ (డీఎన్‌ఏకు అంటుకుని వెలిగే రంగు) పద్ధతి. ఎన్‌టీసీలో, అంటే టెంప్లేట్ (పరీక్షించే డీఎన్‌ఏ) వేయని వెల్స్‌లో, 32 దగ్గర సీటీ (సిగ్నల్ కనపడే సైకిల్ సంఖ్య, డీఎన్‌ఏ ఎక్కువుంటే ఇది తక్కువ) స్థిరంగా వస్తోంది. నీళ్లు మార్చారు, ప్రైమర్లు (కాపీ చేయాల్సిన చోటుకు అంటుకునే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు) కొత్తవి తెప్పించారు, పాత పీసీఆర్ ముక్కలను నాశనం చేసే యూఎన్‌జీ ఎంజైమ్ ఉన్న మిక్స్ కొన్నారు, ట్యూబులూ టిప్పులూ రెండేసి సార్లు ఆటోక్లేవ్ చేశారు. అయినా తగ్గలేదు. గైడ్ గారేమో ఎన్‌టీసీ విలువను మిగతా వాటిలోంచి తీసేసి ముందుకెళ్లమంటున్నారు.

సూటిగా జవాబు: మీరు వెతుకుతున్న దొంగ దాదాపు ఖాయంగా మీ మినీప్రెప్ ట్యూబే, అంటే బ్యాక్టీరియా నుంచి తీసిన ప్లాస్మిడ్ స్టాక్. ప్లాస్మిడ్ స్టాక్‌ని పీసీఆర్ అయిపోయిన ట్యూబ్‌తో సమానంగా చూడండి. మాస్టర్ మిక్స్ (అన్ని వెల్స్‌కూ వేసే రీఏజెంట్ల మిశ్రమం) కలిపే గదిలో దాన్ని తెరవకూడదు. ఆ పిపెట్లతో, ఆ గ్లోవ్స్‌తో ముట్టకూడదు. యూఎన్‌జీ దీన్ని ఆపలేదు, ఆటోక్లేవ్ కూడా ఆపలేదు. తీసివేత లెక్క అసలే వద్దు. కారణాలు ఒక్కొక్కటిగా చెబుతాను. నేను హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా క్యూపీసీఆర్ మెషిన్ల బాధ్యత చూస్తున్నాను. మెషిన్ పాడైందేమో చూడండి అని వచ్చేవాళ్లలో చాలామందిది మీ సమస్యే.

ముందు లెక్క చూడండి, మిగతాదంతా దాంట్లోంచే వస్తుంది. ఒక బేస్ పెయిర్ సగటు బరువు 650 డాల్టన్లు అనుకుంటే 4,000 బేస్ పెయిర్ల ప్లాస్మిడ్ ఒక నానోగ్రాములో సుమారు 23 కోట్ల కాపీలు ఉంటాయి. మామూలు మినీప్రెప్ మైక్రోలీటరుకు 200 నానోగ్రాములు ఇస్తుంది. అంటే ఒక్క మైక్రోలీటరులో 4,600 కోట్ల కాపీలు. ట్యూబ్ మూత టప్‌మని తెరిచినప్పుడు లేచే తుంపర్లలో 12 మైక్రాన్ల బొట్టు ఒకటి ఉందనుకోండి. కంటికి కనపడదు. దాని పరిమాణం ఒక పికోలీటరు. అందులో 46,000 కాపీలు ఉంటాయి.

ఇప్పుడు మీ ఎన్‌టీసీ చూద్దాం. మీ స్టాండర్డ్ కర్వ్ (కాపీల సంఖ్యకు సీటీని ముడిపెట్టే గీత) ఇంటర్‌సెప్ట్ 38, స్లోప్ మైనస్ 3.35 ప్రాంతంలో ఉందనుకుంటే సీటీ 32 అంటే వెల్‌కు సుమారు 60 కాపీలు. స్టాక్‌లో ఒక మైక్రోలీటరును 74 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం చాలు, మీ ఎన్‌టీసీ పాజిటివ్ అవడానికి. "నేను చాలా జాగ్రత్తగా పిపెట్ చేస్తాను సార్" అని పిల్లలు అంటుంటారు. నిజంగానే చేస్తారు. కానీ ఈ స్థాయిలో చేతి జాగ్రత్త సరిపోదు, దూరం కావాలి. మిరపకాయలు దంచిన రోట్లోనే పసిపిల్లకు ఉగ్గు నూరితే ఎంత కడిగి నూరినా ఏమవుతుందో తెలుసు కదా.

యూఎన్‌జీ ఎందుకు పనిచేయలేదు? అది పుస్తకాల్లో ఉన్న వేరే సమస్యకు మందు. ఆ మిక్స్‌లో డీటీటీపీ (థైమిన్ ఇటుక) బదులు డీయూటీపీ (యురాసిల్ ఇటుక) ఉంటుంది కాబట్టి పీసీఆర్‌లో పుట్టిన ముక్కల్లో యురాసిల్ ఉంటుంది. తర్వాతి రన్‌లో యూఎన్‌జీ ఆ యురాసిల్‌ను పీకేస్తుంది, ముక్క పనికిరాకుండా పోతుంది. మీ ప్లాస్మిడ్ పెరిగింది ఈ.కోలైలో. అందులో ఉండేది థైమిన్. యూఎన్‌జీ దాన్ని ముట్టుకోదు. ఆ మిక్స్ వాడటం తప్పేమీ కాదు, పాత ఆంప్లికాన్ల (పీసీఆర్‌లో పుట్టిన ముక్కల) నుంచి కాపాడుతుంది. మీకు పట్టుకున్నది అది కాదు, అంతే.

నిజానికి క్యూపీసీఆర్‌లో ప్లేట్ మీద ఫిల్మ్ అంటించాక మళ్లీ తెరవం. రన్ అయ్యాక అలాగే జిప్ కవర్లో వేసి పారేస్తాం (మీరు తెరిచి జెల్ మీద వేస్తుంటే ఈ రోజే మానేయండి). అందుకే క్లోనింగ్ కూడా చేసే ల్యాబ్‌లో ఆంప్లికాన్ కంటే ప్లాస్మిడే పెద్ద ప్రమాదం. చాలా ల్యాబ్‌లలో పీసీఆర్ తర్వాతి గదికి ఎర్ర బోర్డు పెడతారు కానీ మినీప్రెప్ బెంచీకి మాత్రం ఏ బోర్డూ ఉండదు.

ఆటోక్లేవ్ బ్యాక్టీరియాను చంపుతుంది. డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది గానీ మాయం చేయదు. మీ ఆంప్లికాన్ వంద, నూటయాభై బేస్ పెయిర్లది అయితే ఆ ముక్కల్లో చాలావాటికి ఇంకా రెండు ప్రైమర్లూ అంటుకుంటాయి. 70 శాతం ఇథనాల్ కూడా అంతే, డీఎన్‌ఏ దానికి చెక్కుచెదరదు. యూవీ కొంత మేలు. కానీ ఎండిపోయిన డీఎన్‌ఏ మీద, పొట్టి ముక్కల మీద దాని ప్రభావం తక్కువ, నీడ పడ్డ చోట అసలే ఉండదు. పిపెట్‌ను పడుకోబెట్టి యూవీ వేస్తే కింది వైపు అలాగే ఉండిపోతుంది.

పనిచేసేది హైపోక్లోరైట్. మార్కెట్లో దొరికే 4-5 శాతం ద్రావణాన్ని పదింతలు పలచన చేసి, తుడిచి, పది నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత నీళ్లతో తుడవాలి. లేకపోతే స్టీలు తుప్పు పడుతుంది, మిగిలిన క్లోరిన్ మీ రియాక్షన్‌నే చంపుతుంది. పలచన చేసింది ఏ రోజుకారోజు కలుపుకోవాలి. మన ఎండలకు అసలు సీసాలోదే బలం తగ్గిపోతుంటుంది, నెలల కిందట కలిపి స్ప్రే బాటిల్లో పోసింది వట్టి నీళ్లతో సమానం. ఇంకో హెచ్చరిక: ఎక్స్‌ట్రాక్షన్ కిట్ల లైసిస్ బఫర్ ఒలికిన చోట హైపోక్లోరైట్ పోయకండి. అందులో గ్వానిడిన్ లవణాలు ఉంటాయి, రెండూ కలిస్తే విషవాయువులు వస్తాయి. ముందు నీళ్లతో, సబ్బుతో తుడిచేయాలి.

ఇదంతా చేసే ముందు ఒక చిన్న పని. నిజంగా కంటామినేషనేనా? సైబర్ గ్రీన్ కదా, మెల్ట్ కర్వ్ (ఏ ఉష్ణోగ్రతలో డీఎన్‌ఏ విడిపోతుందో చూపే గ్రాఫ్) చూడండి. ఎన్‌టీసీ శిఖరం స్టాండర్డ్ శిఖరం కంటే కింది ఉష్ణోగ్రతలో, పొట్టిగా, వెడల్పుగా వస్తే అది ప్రైమర్ డైమర్, అంటే ప్రైమర్లు ఒకదానికొకటి అంటుకుని పుట్టిన ముక్క. దానికి చికిత్స వేరు, ప్రైమర్ మోతాదు తగ్గించడమో, ప్రైమర్లు మార్చడమో. రెండూ ఒకే చోట పడితే కంటామినేషన్. సీటీ 32 అంటున్నారు, స్థిరంగా వస్తోంది అంటున్నారు కాబట్టి నేను రెండోదే అనుకుంటున్నాను.

తర్వాత సిగ్నల్ ఎలా పరుచుకుందో చూడండి. ఎన్‌టీసీ ఆరు వెల్స్ వేస్తే ఆరూ 32కు అటూ ఇటూ వస్తే ఏదో ఒక రీఏజెంట్ మొత్తంలో కలిసిపోయింది. రెండింటిలో వచ్చి, అవి కూడా ఒకటి 33, ఒకటి 37 ఇలా చెదిరి ఉంటే అది తుంపర్ల పని, లేదా ప్లేట్ మీద చేయి. ఒకే ఒక్క ఎన్‌టీసీ వెల్ వేసేవాళ్లకు ఈ తేడా ఎప్పటికీ తెలియదు. ఇంకొకటి కూడా తెలియదు: వెల్‌కు సగటున అర కాపీ చొప్పున కంటామినేషన్ ఉంటే, మూడు ఎన్‌టీసీలు వేసినా మూడూ నెగెటివ్ వచ్చే అవకాశం 22 శాతం ఉంది. ఎనిమిది వేస్తే అది 2 శాతానికి పడిపోతుంది. "ఎన్‌టీసీ క్లీన్" అని రాసుకునే ముందు ఎన్ని వేశారో చూసుకోవాలి.

నేను ఎన్‌టీసీలను రెండు రకాలుగా వేయిస్తాను. సగం వెల్స్‌లో మాస్టర్ మిక్స్, నీళ్లు వేసి అన్నిటికంటే ముందు మూసేయాలి. మిగతా సగం, శాంపిళ్లూ స్టాండర్డ్‌లూ వేయడం అయ్యేదాకా తెరిచే ఉంచి చివర్న మూయాలి. ముందు మూసినవి కూడా పాజిటివ్ వస్తే తప్పు రీఏజెంట్లలో ఉంది. చివరివి మాత్రమే వస్తే తప్పు మన చేతుల్లో, గాలిలో ఉంది. ఎన్‌టీసీ ముందు వేయాలా, చివర్న వేయాలా అని జనం వాదించుకుంటుంటారు. రెండూ వేస్తే వాదనే ఉండదు. వీటితో పాటు ఎక్స్‌ట్రాక్షన్ దగ్గరే ఒక ఖాళీ ట్యూబ్ మొదలుపెట్టండి, రొయ్య కణజాలం లేకుండా మిగతా అన్ని మెట్లూ దాటించి. ఎక్స్‌ట్రాక్షన్ చేసే బెంచీ మీదే మినీప్రెప్ కూడా చేస్తుంటే ఆ ట్యూబ్ మీకు చాలా సంగతులు చెబుతుంది.

ఇక అసలు పని, ప్లాస్మిడ్‌ను ఎలా వాడాలి. మినీప్రెప్, నానోడ్రాప్ రీడింగ్ (డీఎన్‌ఏ గాఢత కొలత), మొదటి డైల్యూషన్లు అన్నీ క్లోనింగ్ జరిగే చోటే, ఆ పిపెట్లతోనే కానివ్వండి. కోసి లీనియర్ చేసి వాడితే మంచిది, సూపర్‌కాయిల్డ్ (కోయకుండా మెలితిరిగి ఉన్న) ప్లాస్మిడ్ స్టాండర్డ్‌గా వాడితే శాంపిల్ కాపీలు ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉంది (ఇది కంటామినేషన్ సంగతి కాదు, సందర్భం వచ్చింది కాబట్టి చెప్పాను). అక్కడే మైక్రోలీటరుకు 10⁶ కాపీల దాకా దించేయండి. క్యూపీసీఆర్ వైపు అడుగుపెట్టేది ఆ ట్యూబ్ మాత్రమే. 10⁹ నుంచి కర్వ్ మొదలుపెట్టే అలవాటు చాలామందికి ఉంది. అంత ఎత్తు ఎవరికి కావాలి? మీ శాంపిళ్లు 10² నుంచి 10⁵ మధ్య ఉంటే పైన 10⁶ చాలు. పైనున్న ఒక్కో పదింతల మెట్టు తీసేస్తే తుంపరలో ఉండే కాపీలు పదింతలు తగ్గుతాయి. స్టాక్‌తో పోలిస్తే 10⁶ ట్యూబ్ 46,000 రెట్లు పలచన, అదే పికోలీటరు బొట్టులో ఇప్పుడు సగటున ఒక్క కాపీ.

పలచన చేసేది వట్టి నీళ్లలో కాదు. తక్కువ కాపీలున్నప్పుడు డీఎన్‌ఏ ట్యూబ్ గోడలకు అంటుకుపోతుంది. టీఈ బఫర్‌లో కొంచెం ఈస్ట్ టీఆర్‌ఎన్‌ఏ లాంటి క్యారియర్ కలిపి, లో-బైండ్ ట్యూబుల్లో, ఒక్క రన్‌కు సరిపడా చిన్న చిన్న అలికాట్లుగా (వాటాలుగా) పెట్టుకోండి. వాడగా మిగిలింది పారేయండి. మూతల సంగతి కూడా: స్టాండర్డ్‌లకు స్క్రూ క్యాప్ ట్యూబులే. నొక్కే మూతను బొటనవేలితో లేపుతాం చూడండి, అప్పుడు గ్లోవ్ అంచు మూత లోపలి వైపును తాకుతుంది, అదే వేలు తర్వాతి ట్యూబ్ మీదకు వెళ్తుంది. ఎవరినైనా ప్లేట్ వేస్తుండగా పక్కన కూర్చుని గమనించండి, తప్పకుండా కనిపిస్తుంది. తెరిచే ముందు ప్రతి ట్యూబ్‌నూ ఒకసారి స్పిన్ చేయాలి. కంపెనీ నుంచి ఎండు పొడిగా వచ్చే సింథటిక్ డీఎన్‌ఏ అయితే మరీ ముఖ్యం, మూత తీయగానే ఎగిరిపోతుంది.

అన్నట్టు, ప్రైమర్లు కొత్తవి తెప్పించానన్నారు. వాటితో పాటు అదే ఆర్డర్‌లో అదే జన్యువు సింథటిక్ టెంప్లేట్ కూడా తెప్పించారా? అయితే ప్రైమర్లు కంపెనీలోనే కలుషితమై రావచ్చు. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2020 ఫిబ్రవరిలో పంపిన కోవిడ్ టెస్ట్ కిట్లు గుర్తున్నాయా? వాటిలో ఎన్1 అనే భాగం సింథటిక్ టెంప్లేట్‌తో కలుషితమైందని వాళ్లే తర్వాత ప్రచురించారు. తయారైన రీఏజెంట్లు నాణ్యత పరీక్ష కోసం పరిశోధన ల్యాబ్‌లో ఉన్నప్పుడు అంటుకుంది. (ఎన్3 సమస్య వేరే, అది ప్రైమరూ ప్రోబూ ఒకదానికొకటి అతుక్కోవడం వల్ల.) ప్రైమర్లు, టెంప్లేట్ వేర్వేరు చోట్ల నుంచి, కనీసం వేర్వేరు వారాల్లో తెప్పించుకోండి.

ప్లేట్ వేసే వరుస: మాస్టర్ మిక్స్, మూసే ఎన్‌టీసీలు, శాంపిళ్లు వేసి వాటినీ మూసేయడం, ఆ తర్వాత గది దాటి (లేదా గది ఇంకో మూలకు) వెళ్లి స్టాండర్డ్‌లు, తక్కువ నుంచి ఎక్కువకు. శాంపిళ్లకూ స్టాండర్డ్‌లకూ మధ్య కనీసం ఒక కాలమ్ ఖాళీ. ఫిల్టర్ టిప్పులు తప్పనిసరి. ఐస్ బకెట్ బదులు కోల్డ్ బ్లాక్ వాడండి, కరిగిన ఐసు నీళ్లు ఒక ట్యూబ్ మూత నుంచి ఇంకో ట్యూబ్ మూతకు తీరిగ్గా ప్రయాణం చేస్తాయి.

మన దగ్గర చాలా ల్యాబ్‌లకు మూడు గదులు ఉండవు, ఒకటే హాలు, పైన ఫ్యాన్. అప్పుడు చోటుతో కాక సమయంతో వేరుచేయాలి. మాస్టర్ మిక్స్ ఉదయం రాగానే, ప్లాస్మిడ్ పని మధ్యాహ్నం తర్వాత. ఉదయం మినీప్రెప్ చేసినవాళ్లు ఆ రోజు ప్లేట్ వేయకూడదు, గ్లోవ్స్ మార్చుకున్నా సరే, కోటు అదే కదా. మాస్టర్ మిక్స్ కలిపేటప్పుడు ఫ్యాన్ ఆపేయండి, గాలి వీచని మూత ఉన్న పెట్టె ఒకటి ఉంటే ఇంకా మంచిది. ఆ పిపెట్లకు, రాక్‌కు, మార్కర్ పెన్నుకు కూడా ఒకే రంగు టేపు చుట్టండి. ఆ టేపు ఉన్న వస్తువు అక్కడి నుంచి కదలకూడదు. ఫ్రీజర్ కూడా వేరు. ప్రైమర్ల పెట్టె పక్కనే ప్లాస్మిడ్ల పెట్టె ఉంటే ఇవన్నీ చేసి లాభం లేదు.

ఎక్కడ అంటుకుందో వెతకాలంటే తడి స్వాబ్‌తో తుడిచి, నీళ్లలో ముంచి, ఆ నీళ్లనే టెంప్లేట్‌గా రన్ చేయండి. అందరూ పిపెట్లు తుడుస్తారు. నా అనుభవంలో ఎక్కువగా దొరికేది నానోడ్రాప్ చేయి, ఫ్రీజర్ హ్యాండిల్, వోర్టెక్స్ రబ్బరు, మైక్రోఫ్యూజ్ మూత లోపలి వైపు. ఒక ల్యాబ్‌లో ఎంత వెతికినా దొరకనిది చివరికి ట్యూబుల మీద పేర్లు రాసే మార్కర్ మీద దొరికింది, క్లోనింగ్ బెంచీకీ ప్లేట్ బెంచీకీ ఆ ఒక్క పెన్నే తిరుగుతోంది. రీఏజెంట్లను మాత్రం ఒక్కొక్కటిగా మార్చి పరీక్షిస్తూ కూర్చోకండి. తెరిచిన అలికాట్లన్నీ ఒకేసారి పారేయండి. మీ నెల రోజుల కంటే అవి చవకే.

ఇక నాకు అన్నిటికంటే నచ్చే ఉపాయం. తెల్లమచ్చల వైరస్ జన్యువు సుమారు 3 లక్షల బేస్ పెయిర్లది. మీ ప్లాస్మిడ్‌లో ఉన్నది అందులో చిన్న ముక్క. ఆ ముక్కలో లేని చోట రెండో జత ప్రైమర్లు డిజైన్ చేసుకోండి. నిజంగా వైరస్ ఉన్న రొయ్య రెండింటిలోనూ పాజిటివ్ వస్తుంది, ప్లాస్మిడ్ పడ్డ శాంపిల్ మొదటిదాంట్లోనే వస్తుంది. రెండింటి సున్నితత్వం దగ్గరదగ్గరగా ఉండాలి, మరీ ఒకటి రెండు కాపీల దగ్గర ఈ తీర్పు నమ్మలేం. హేచరీ నుంచి వచ్చిన సీడ్‌కు సర్టిఫికెట్ ఇచ్చే పని మీ ల్యాబ్ చేస్తుంటే ఇది లేకుండా 34, 35 సీటీని పాజిటివ్ అని రాయొద్దు, రైతు ఆ కాగితం చూసి బ్యాచ్ మొత్తం వెనక్కి పంపేస్తాడు.

దీనికి తోడు, ఒక ప్రైమర్ వెక్టర్‌లో (అసలు ప్లాస్మిడ్ భాగంలో), ఇంకోటి ఇన్సర్ట్‌లో (మీరు చేర్చిన వైరస్ ముక్కలో) పడేలా మూడో జత పెట్టుకుంటే ప్లాస్మిడ్‌ను నేరుగా పట్టుకోవచ్చు. ప్లాస్మిడ్‌లో ఉండే యాంపిసిలిన్ నిరోధక జన్యువు మీద ప్రైమర్లు వేస్తే సరిపోదా అని అడుగుతారు. పీసీఆర్‌లో కాపీలు చేసే టాక్ ఎంజైమ్‌ను కూడా ఈ.కోలైలోనే తయారుచేస్తారు, ఆ జన్యువు ఆనవాళ్లు కొన్నిసార్లు ఎంజైమ్‌లోనే ఉంటాయి. అందుకే వెక్టర్, ఇన్సర్ట్ కలిసే చోటే వాడాలి.

డీపీఎన్-1 ఎంజైమ్ గురించి కూడా అడుగుతారు కాబట్టి చెబుతాను. అది ఈ.కోలై మిథైల్ తగిలించిన జీఏటీసీ చోట కోస్తుంది, రొయ్య నుంచి వచ్చిన వైరస్‌ను వదిలేస్తుంది. వినడానికి బాగుంది. కానీ మీ ఆంప్లికాన్‌లో జీఏటీసీ ఉండాలి, పైగా అది మీ స్టాండర్డ్‌నూ కోసేస్తుంది, స్టాండర్డ్‌ను డామ్ (ఆ మిథైల్ తగిలించే ఎంజైమ్) లేని స్ట్రెయిన్‌లో పెంచితే తప్ప. ఇప్పటికే కలుషితమైన పనిని గట్టెక్కించడానికి ఓకే, రోజువారీ అలవాటుగా వద్దు.

ప్లాస్మిడ్ తుంపర ఎంత దూరం తీసుకెళ్లగలదో తెలియాలంటే ఎక్స్‌ఎంఆర్‌వీ కథ చదవండి. క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ రోగులు 101 మందిలో 68 మందిలో ఈ రెట్రోవైరస్ డీఎన్‌ఏ కనిపించిందని 2009లో సైన్స్ పత్రికలో వచ్చింది. చాలా ల్యాబ్‌లు ప్రయత్నించాయి, ఎవరికీ రాలేదు. 2011లో ఆ పేపర్ సహరచయితల్లో కొందరే తమ దగ్గరున్న శాంపిళ్లు మళ్లీ చూసి, వాటిలో కొన్ని ఎక్స్‌ఎంఆర్‌వీ ప్లాస్మిడ్‌తో కలుషితమయ్యాయని చెప్పి తమ భాగాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో పత్రిక పేపర్ మొత్తాన్నీ ఉపసంహరించింది.

చివరగా గైడ్ గారి తీసివేత గురించి. మీ శాంపిల్ సీటీ 22 అయి, ఎన్‌టీసీ 32 అయితే తేడా పది సైకిళ్లు, అంటే కంటామినేషన్ వాటా వెయ్యో వంతు. తీసేసినా తీయకపోయినా అంకె మారదు. శాంపిల్ 31 అయితే అందులో సగం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే కంటామినేషన్ ప్రతి వెల్‌లోనూ ఒకేలా పడదు. ఎన్‌టీసీలో 60 పడిందని శాంపిల్‌లోనూ 60 పడిందని చెప్పలేం, సున్నా కావచ్చు, 400 కావచ్చు. కాబట్టి అవసరం లేనిచోట తీసివేత పనికిరాదు, అవసరమైన చోట చెల్లదు. నేనైతే ఎన్‌టీసీకీ, నమ్మదగిన అతి బలహీనమైన శాంపిల్‌కూ మధ్య కనీసం ఏడు సైకిళ్లు ఉండాలంటాను, అప్పుడు కంటామినేషన్ ఒక శాతం లోపు ఉంటుంది. అంతకంటే దగ్గరున్న శాంపిళ్లన్నీ మళ్లీ రన్ చేయాల్సిందే. గైడ్ గారికి ఇది నేరుగా చెప్పడం టెన్షన్ అనిపిస్తే క్యూపీసీఆర్ ఫలితాలతో పాటు ఏమేం ప్రచురించాలో చెప్పే 2009 నాటి ఎంఐక్యూఈ మార్గదర్శకాలు ముందు పెట్టండి. ఎన్‌టీసీ సీటీ విలువలను పేపర్‌లో ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది, 32 అని రాసి పంపిస్తే రివ్యూయర్ మొదట అడిగేది దాని గురించే.